లేపితే చాలు

మిల్లు మేనేజరు గారూ, ఇది మీ పనే. సంతకం పెట్టని ఆ చెయ్యి మీది. హైదరాబాదులో కూర్చుని, సిద్దిపేటలో తమ జిన్నింగు మిల్లు ఏ రోడ్డు మీద ఉందో కూడా మరిచిపోయిన డైరెక్టర్లకూ ఇందులో వాటా ఉంది. కొత్త ఫోన్ మిషన్ బిగించిన రోజు కొబ్బరికాయ కొట్టారు, ఫొటో దిగారు, లడ్డూలు పంచారు. అన్నిటికీ మీకు తీరిక దొరికింది. అర నిమిషం పని ఒక్కటి మిగిలిపోతే దానికి దొరకలేదు. అర నిమిషం! బీడీ ముట్టించడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ అర నిమిషం సంగతి చెప్పాలంటే సర్వర్ సంగతి చెప్పాలి. ఆయన ముఖం మీకు గుర్తుండదు. గొంతు గుర్తుంటుంది.

ఈ తొంభై ఆరో సంవత్సరం డిసెంబరులోనే ఒక పొద్దున, ఎనిమిదిన్నరకు, సర్వర్ ప్రెస్సు షెడ్డులో ఫోను బటన్లకు సున్నం పెడుతున్నాడు. తమలపాకుకు రాసే సున్నమే. డబ్బీలో చూపుడువేలు ముంచి, రెండో నంబరు బటన్ మీద పెద్ద బొట్టు పెట్టాడు. వేలు తుడుచుకుని, చిటికెనవేలితో ఒకటో నంబరు మీద చిన్న బొట్టు పెట్టాడు. ఆరేదాకా నోటితో ఊదాడు. ఊదితే ఆయాసం వచ్చింది. గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

యాభై నాలుగేళ్ల మనిషి. పొట్టి, బక్క పలచన. మెడ కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది, ఎవరో చెవిలో ఏదో చెబుతున్నట్టు. నెత్తి మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా వెంట్రుకల్లేని సన్నని గీత ఒకటుంది, గడ్డిలో కాలిబాట పడ్డట్టు. ఇరవై రెండేళ్లు హెడ్‌ఫోను పట్టీ నడిచిన బాట అది.

"ఏంది సర్వర్ భాయ్, ఫోనుకు బొట్టు పెడుతున్నవ్? పెండ్లా?" అన్నాడు భిక్షపతి. ప్రెస్సు మీద పత్తి బేళ్లు కట్టే మనిషి.

"నీ రెండో పెండ్లి. ముందు ఏ బొట్టు నొక్కాలె? చెప్పు."

"పెద్దది."

"తర్వాత?"

"చిన్నది. పెద్ద పెండ్లాం, చిన్న పెండ్లాం. గంతేగా?"

"ఆ. ఒక్కసారి నొక్కి చూడు మరి."

"నొక్కితే మేనేజరు టేబుల్ మీద మోగుతది. ఆయన లేపి ఎవడ్రా అంటడు. నేనేమనాలె? దండాలు, ఊకెనే కొట్టిన అనాల్నా?"

షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. భిక్షపతి నొక్కలేదు. కుడిచేత్తో గాలిలోనే నొక్కినట్టు చేసి చూపాడు. ఆ చేతికి మూడు వేళ్లే ఉన్నాయి.

మిగతా రెండు వేళ్లు ఎనభై ఏడులో పోయాయి. బెల్టులో చెయ్యి పడింది. పక్కవాడు ఉరికి ఫోను లేపాడు, నోట మాట రాలేదు, రిసీవరు వదిలేసి మళ్లీ భిక్షపతి దగ్గరికి ఉరికాడు. ఆఫీసులో సర్వర్ ముందున్న పాత బోర్డు మీద పదకొండో రెక్క టక్కున పడింది. సర్వర్ తీగ గుచ్చి విన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. కానీ ప్రెస్సు చప్పుడు లేదు. దూరంగా ఒక్కడు మొత్తుకుంటున్నాడు. ఆయన ఇంకేమీ అడగలేదు. రెండో తీగ గేటుకు గుచ్చి "జీపు ప్రెస్సు షెడ్డుకు. ఉరుకు" అన్నాడు. అంతే. రెండు వేళ్లు పోయాయి, చెయ్యి మిగిలింది, మనిషి మిగిలాడు. నువ్వు గొప్ప పని చేశావని ఎవరూ అనలేదు. అనిపించుకోవాలని ఆయనకూ తోచలేదు. పదకొండో రెక్క పైకి నెట్టి, పన్నెండో రెక్క పడితే అటు తిరిగాడు.

ఆ బోర్డు సంగతి బయటివాళ్లకు తెలియదు. నిలువెత్తు చెక్కపెట్టె. దాని మీద నలభై రెక్కలు, ఒక్కోటి బొటనవేలి గోరంత. మిల్లులో ఏ మూల ఎవరు ఫోను లేపినా వాళ్ల రెక్క కింద పడుతుంది. కింద వరసగా తీగలు. పత్తి ఏరే ఆడవాళ్లు వాటిని జడలు అనేవాళ్లు. "సర్వర్ భాయ్ పొద్దుందాక జడలల్లుతడు" అని నవ్వేవాళ్లు. ఫోను లేపడమే వాళ్ల పని. నంబరు కొట్టడమన్నది ఆ మిల్లులో కూలీ ఎవడికీ తెలియదు, తెలియాల్సిన అవసరం రాలేదు. లేపాలి, "సర్వర్ భాయ్, కాంటా ఇయ్యి" అనాలి, కాంటా దగ్గరి మనిషి పలుకుతాడు. సర్వర్ ఇంకెవరితోనైనా మాట్లాడుతుంటే "జర ఆగు" అంటాడు, ఆగాలి. ఒక్కోసారి ఏమీ అనడు. ఊరికే వింటాడు. అప్పుడూ చెప్పుకుంటూ పోవాలి.

నవంబరులో ఆ బోర్డు పీకేశారు. దాని జాగాలో గోడకు ఒక తెల్ల పెట్టె బిగించారు. చిన్నపిల్లల పలకంత ఉంటుంది, పచ్చ దీపం ఒకటి వెలుగుతూ ఉంటుంది. ఎవరికి కావలసిన నంబరు వాళ్లే కొట్టుకోవాలి. షెడ్లలోనూ గోదాములోనూ ఉన్న ఫోన్లకు మాత్రం ఒక్క నంబరే పనిచేసేటట్టు మేనేజరు రాయించాడు. ఇరవై ఒకటి. అది ఆయన టేబులు. కూలీలు ముచ్చట్లు పెట్టకుండా కట్టుదిట్టం అన్నమాట. సర్వర్‌ను తీసేయలేదు. మిల్లు వెనక గింజల గోదాములో సంచులు లెక్క రాసే పనిలో పెట్టారు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆయన అయిదు షెడ్లూ, గోదామూ తిరుగుతాడు. బొట్లు పెడతాడు. మధ్యాహ్నానికి చెమట చేతులు తగిలి సున్నం పోతుంది. మర్నాడు మళ్లీ పెడతాడు. చెప్పింది ఎవరు? ఎవరూ చెప్పలేదు.

ఆ పొద్దున షెడ్లు తిరగడానికి ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టింది. రెండు చోట్ల ఆగాడు. రొమ్ములో ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టుంది. ఎడమ భుజం లాగుతోంది. సంచులు జరిపిన నొప్పి అనుకున్నాడు. ఇంట్లో బయల్దేరేటప్పుడు భార్య వజీరాబీ వాము చేతిలో పోసి, "దవాఖానకు జావో జీ" అంది. "ఇత్వార్‌కు" అన్నాడు ఆయన. ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది.

పదింటికి కబురొచ్చింది. హైదరాబాదు నుంచి ఫోన్ల ఇంజనీరు వచ్చాడట, రెండో విడత పని ఉందట, సర్వర్‌ను రమ్మంటున్నాడట. ఏ తీగ ఏ షెడ్డుకు పోతుందో చెప్పగలిగింది ఆ మిల్లులో ఆయనొక్కడే.

ఇంజనీరు పాతికేళ్లవాడు. మేనేజరు గదిలో ఇరవై ఒకటో నంబరు ఫోను ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మిషనుకు ఏం చెప్పాలన్నా ఆ ఒక్క ఫోను నుంచే చెప్పాలి. ఇంజనీరు అడుగుతుంటే సర్వర్ గోడవైపు చూడకుండానే తీగల రంగులు చెప్పాడు. నీలం-తెలుపు కాంటా. నారింజ-తెలుపు ప్రెస్సు. పచ్చది గేటు.

"చాచా, మీరే నయం. మా దగ్గరున్న కాగితం తప్పుల తడక" అన్నాడు ఇంజనీరు.

అతను ఒక్కో కోడు కొడుతూ, అదేం చేస్తుందో చెబుతూ పోయాడు. వచ్చిన ఫోను పక్క టేబులుకు మార్చొచ్చు. ఆగమంటే పాట వినిపిస్తుంది. పక్కవాడి ఫోను మోగితే కుర్చీలోంచి లేవకుండానే మనం ఎత్తుకోవచ్చు. బయటి ఊళ్లకు ఎవరూ కొట్టకుండా తాళం వేయొచ్చు. ఆరు దాటితే బయటి ఫోన్లన్నీ గేటుకు పోతాయి. ఒక్కోదానికీ మిషను 'టింగ్' అని ఒప్పుకుంటోంది. సర్వర్ ఒక్కోదానికీ తలూపాడు. పాట తప్ప అన్నీ ఆయన రెండు చేతులతో చేసినవే.

"బేటా, ఒకటి అడగాల్నా?"

"అడుగుండ్రి."

"ఫోను లేపి ఊకున్నడనుకో. నంబరు కొట్టలే. అప్పుడేమైతది?"

"పది సెకండ్లు గుయ్యంటది. తర్వాత టుక్ టుక్ అని ఎంగేజి కొడుతది. తర్వాత సప్పుడు బంద్."

"ఎవలకు తెలుస్తది?"

"ఎవలకు తెల్వదు."

సర్వర్ చెవి దగ్గర పట్టీ గీతను వేలితో రుద్దుకున్నాడు.

"తెలిసెటట్టు చెయ్యరాదా?"

ఇంజనీరు నవ్వాడు. "ఎందుకు రాదు చాచా? హాట్‌లైన్ అంటరు. లేపి అయిదు సెకండ్లు ఊకుంటే చాలు, మనం రాసిపెట్టిన నంబరుకు అదే మోగుతది. గేటుకంటే గేటుకు. అక్కడి ఫోను మీద ఎవరు లేపిన్రో నంబరు గూడ పడుతది."

"ఎంతసేపు పని?"

"ఆరు ఫోన్లకు అర నిమిషం. కాకపోతే సారు సంతకం పెట్టాలె."

ఇంజనీరు మంచివాడే. తన ఫారం తీసి, కింది గీతలో రాశాడు: అయిదు షెడ్లు, ఒక గోదాము, హాట్‌లైన్, గేటుకు. పక్కనే కొట్టాల్సిన కోడు కూడా రాశాడు. సర్వర్ ఆ కాగితం తీసుకుని మేనేజరు మాణిక్‌రావు దగ్గర నిలబడ్డాడు. మాణిక్‌రావు అదే గదిలో కిటికీ దగ్గర పత్తి శాంపిలు చేతిలో పట్టుకుని పోగు లాగి చూస్తున్నాడు.

"ఏందయ్యా?"

సర్వర్ చెప్పాడు. మాణిక్‌రావు వినలేదని అనలేం. విన్నాడు.

"దుమ్ముల రిసీవర్లు రోజుకు పదిసార్లు జారి పడుతయి. పడ్డప్పుడల్ల గేటు మోగితే ఎల్లన్న లారీలు చూస్తడా, ఫోను పట్టుకొని కూసుంటడా?"

"రెండు దినాలు చూద్దాం సార్. ఇబ్బందయితే తీసేద్దాం."

"నిన్ను తియ్యలే కద? గోదాముల పెట్టిన. సాలదా?"

"నా కోసం కాదు సార్."

"మరెవని కోసం?"

"లేపి మాట్లాడలేనోని కోసం."

మాణిక్‌రావుకు నిజంగానే నవ్వొచ్చింది. "మాట్లాడలేనోడు ఫోనెందుకు లేపుతడయ్యా?" అన్నాడు. కాగితాన్ని పేపర్‌వెయిటు కింద పెట్టి, "వచ్చే విడత చూద్దాం" అన్నాడు. వచ్చే విడత మార్చిలో అని ఇంజనీరు చెప్పాడు. సంచీ సర్దుకుని పన్నెండింటి బస్సుకు వెళ్లిపోయాడు.

ఒంటిగంటకు మాణిక్‌రావు భోజనానికి ఇంటికి పోయాడు. సర్వర్ తీగల జాబితా ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గది ఖాళీ. ఇరవై ఒకటో ఫోను ఎదురుగా ఉంది. పేపర్‌వెయిటు కింద కాగితం మీద కోడు కనిపిస్తోంది. ఇంజనీరు కొట్టేటప్పుడు ఆయన చెవిన పడిన మిషను పాస్‌వర్డు నాలుగంకెలూ ఆయనకు వచ్చేశాయి. ఇరవై రెండేళ్లు నంబర్లతో బతికిన మనిషికి నాలుగంకెలు ఒక లెక్కా? అర నిమిషం. లోపలికి మూడడుగులు.

అడుగు వేయలేదు. అటు ఎవరూ ఫోను లేపకుండా, తనంతట తాను ఇరవై రెండేళ్లలో ఆయన ఒక్క తీగ కూడా కలపలేదు. జాబితాను తలుపు దగ్గరి స్టూలు మీద పెట్టి వెనక్కి తిరిగాడు. ఆ మంచితనాన్ని మెచ్చుకోవాలనిపిస్తే మెచ్చుకోండి. నాకు మాత్రం పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది.

ఆఫీసు నుంచి గోదాము నాలుగు వందల అడుగులు. మధ్యలో పత్తి కుప్పలు, ట్రాక్టర్లు. ఆయన మెల్లగా నడిచాడు, దారిలో ఎదురైన భిక్షపతికి కాగితం సంగతి చెప్పాడు. గోదాములో కిష్టవ్వ ఒక్కతే ఉంది. చింతమడక నుంచి వచ్చే మనిషి, అరవై ఏళ్లు, మోకాళ్లు పట్టేశాయి. రాలిన గింజలు ఊడ్చి సంచికెత్తడం ఆమె పని. సద్ది విప్పి కూర్చుంది.

"ఎటుపోయినవ్ అన్నా? రొట్టె ఆరిపాయె."

"ఆఫీసుకు. పట్నం నుంచి పోరడొచ్చిండు."

"నీ బోర్డు మల్ల పెడుతరట్నా?"

"పెట్టరు."

"మరి గా తెల్లపెట్టెల మనిషెవ్వలు లేరంటివి. గుయ్యి అంటున్నదెవ్వలు? నేను పొద్దుగాల లేపి, అన్నా పత్తి దించిన్రా అంటే ఎంతకూ గుయ్యే."

"అది నేను కాదు కిష్టవ్వా. నేను నీ పక్కకే ఉన్న కద."

"ఏమో. నాకు ఫోను లేపితే నువ్వే యాదికొస్తవ్." ఆమె రొట్టె తుంచి అల్లం తొక్కు రాసి ఇచ్చింది. ఆయన చేతిలో పట్టుకున్నాడు, తినలేదు.

"నమాజు చేసి తింట."

కుండ నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. గింజల సంచుల వరస పక్కన నేల ఊడ్చిన జాగా చూసి, భుజం మీది తువ్వాల దులిపి పడమటి దిక్కుగా పరిచాడు. నిలబడ్డాడు. వంగాడు. నేలకు తల ఆనించాడు. కిష్టవ్వ అటు తిరిగి రొట్టె తింటోంది. నమాజు చేసుకునే మనిషివైపు చూడకూడదని ఆమెకు ఎవరో చెప్పారు.

కాసేపటికి తిరిగి చూసింది. ఆయన లేవలేదు. ఎప్పుడూ ఇంతసేపు ఉండడు. "అన్నా" అని పిలిచింది. ఆయన పక్కకు ఒరిగాడు. ముఖం చెమటతో తడిసి ఉంది. పెదవులు కదులుతున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి.

కిష్టవ్వ లేచింది. గోడ మీది ఫోను లేపింది.

"సర్వర్ భాయ్! జీపు పంపియ్యి! సర్వర్ భాయ్ పడ్డడు, గోదాముల సర్వర్ భాయ్ పడ్డడు!"

ఫోను గుయ్యంది. ఆమె ఇంకా గట్టిగా చెప్పింది. టుక్ టుక్ అని మొదలైంది. ఎవరితోనో మాట్లాడుతున్నాడు, జర ఆగమంటున్నాడు అనుకుంది. ఆగింది. తర్వాత ఆ చప్పుడూ ఆగిపోయింది. వింటున్నాడనుకుంది. ఊరికే వినడం ఆయనకు అలవాటే కదా. అందుకని మెల్లగా, విడమర్చి, మొదటి నుంచీ మళ్లీ చెప్పింది. ఎక్కడ పడ్డాడో, ఎట్లా పడ్డాడో, చెమట ఎట్లా పట్టిందో. చెబుతూ చెబుతూ నేల మీదికి చూసింది. తను ఎవరికి చెబుతోందో అప్పుడు తెలిసింది.

రిసీవరు వదిలేసి పరుగెత్తింది. పరుగు అని మనం అంటున్నాం. ఆ మోకాళ్లతో నాలుగు వందల అడుగులు.

ఆ సమయంలో గేటు దగ్గర జీపు నిలబడే ఉంది. డ్రైవరు సీట్లోనే కాళ్లు చాపుకుని ఉన్నాడు. గేటు ఎల్లన్న ఫోను పక్కనే కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాడు. ఆమె పెద్ద బొట్టూ చిన్న బొట్టూ నొక్కి ఉన్నా మోగేది ఖాళీ గదిలోనే. మేనేజరు భోజనానికి పోయాడు. ఇది కూడా రాసుకోండి.

కిష్టవ్వ ప్రెస్సు షెడ్డు దాకా చేరింది. భిక్షపతి ఆమెను చూసి విషయం అడగకుండానే గేటువైపు ఉరికాడు. జీపు వచ్చింది. నలుగురు ఎత్తి పడుకోబెట్టారు. భిక్షపతి తన మూడు వేళ్ల చేతిని ఆయన తల కింద పెట్టి కూర్చున్నాడు. బస్టాండు దాటాక, దవాఖాన గేటు ఇంకా రాకముందే, సర్వర్ పోయాడు. భిక్షపతి డ్రైవరుకు చెప్పలేదు. తొందరగా పొమ్మనే అంటూ ఉన్నాడు.

సాయంత్రం మాణిక్‌రావు సర్వర్ ఇంటికి వచ్చాడు. వజీరాబీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "గుండె జబ్బు, మన చేతుల ఏముంటది" అన్నాడు. భిక్షపతి గుమ్మం దగ్గర ఉన్నాడు.

"ఉన్నది సార్" అన్నాడు. "మీ టేబుల్ మీదున్నది."

ఇప్పటికి పన్నెండు రోజులైంది. కాగితం పేపర్‌వెయిటు కిందే ఉంది. ఈ సీజనులో మూడు వందల మంది ఆ షెడ్లలో దిగుతారు, బెల్టులు తిరుగుతాయి, ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఫోను లేపి మాట రాక నిలబడతారు. మార్చి దాకా ఆగమంటారా? ఆగం. సంతకం పెట్టండి. ఇవాళ పెట్టండి, పొద్దుటి షిఫ్టు ఎక్కక ముందు పెట్టండి. సంతాప సభలూ దండేసిన ఫొటోలూ మాకొద్దు. ఆరు ఫోన్లకు ఆ కోడు కొట్టండి, మా ఎదుట కొట్టండి, కొట్టాక గోదాముకు రండి. మీరొచ్చి లేపి చూసి, గేటు మోగిందని ఎల్లన్న చెప్పేదాకా కిష్టవ్వ అక్కడ ఊడ్వనంటోంది, ఇంకెవరినీ ఊడ్వనివ్వడం లేదు.

సంచుల వరస పక్కన, పడమటి దిక్కుగా, ఆ తువ్వాల పరిచినట్టే ఉంది. గాలికి వచ్చిన పత్తి నూగు రోజుకింత దాని మీద పడుతోంది.